వాచీ మనది, విప్పే హక్కు ఎవరిది?

ఖరీదైన మెకానికల్ వాచీలు కొనేవారికి, తండ్రి నుంచో మామగారి నుంచో అందుకున్నవారికి, వాటిని బాగుచేసే మెకానిక్‌లకు, వినియోగదారుల శాఖ పెద్దలకు విజ్ఞప్తి.

హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది. జపాన్ సిటిజెన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన వాచీల ఫ్యాక్టరీ కథ అక్కడితో సరి. కానీ అక్కడ తయారైన జనతా వాచీకి ఈ రోజు కీ ఇచ్చినా నడుస్తుంది. ఆగిపోయిందా, బస్టాండు పక్క కొట్లో కూర్చున్న మెకానిక్ కంటికి లూప్ బిగించి, వెనక మూత తీసి, స్ప్రింగు మార్చి ఇస్తాడు. కొత్త స్ప్రింగు దొరక్కపోతే పాడైపోయిన ఇంకో జనతాలోంచి తీసి వేస్తాడు. కంపెనీ పోయినా వాచీ బతికింది, ఎందుకంటే దాని విడిభాగాలు ఊరూరా మెకానిక్‌ల చేతుల్లో తిరిగాయి.

ఇప్పుడు రెండో వాచీ సంగతి చూడండి. లక్షలు పోసి కొన్న స్విస్ వాచీ. కంపెనీ దివ్యంగా ఉంది, ధరలు పెంచుకుంటూ పోతోంది. వాచీ మాత్రం బీరువాలో పడి ఉంది. కీ దగ్గర ఉండే రబ్బరు వాషరు గట్టిపడి పగిలింది, లోపలికి చెమ్మ చేరింది. వాషరు ఆవగింజంత. దాన్ని వేయగల పనివాడు మన ఊళ్లోనే ఉన్నాడు. అతనికి ఆ వాషరు అమ్మరు. కంపెనీ సర్వీస్ సెంటరుకు పంపితే, ఒక్క వాషరు మార్చడం కుదరదు, మొత్తం విప్పి సర్వీసు చేయాల్సిందే అంటారు. బిల్లు పదుల వేలు, వాచీ వేరే నగరానికి ప్రయాణం, నెలల ఎదురుచూపు.

మేము అడుగుతున్నది ఒక్కటే. వాచీ అమ్మిన కంపెనీ దాని విడిభాగాలను, నూనెల పట్టికను, విప్పి బిగించే కాగితాలను, పని వచ్చిన ఏ మెకానిక్ అడిగినా న్యాయమైన ధరకు అమ్మాలి. అందుకు వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు జాబితాలో వాచీలను చేర్చాలి.

బ్యాటరీ వాచీతో ఈ గొడవ అంతగా లేదు, సెల్ మారిస్తే మళ్లీ నడుస్తుంది. మెకానికల్ వాచీ అలా కాదు. చుట్టుకున్న స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ పళ్లచక్రాలను తిప్పుతుంది, చివర బ్యాలెన్సు చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ బలాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. నేటి స్విస్ వాచీల్లో చాలావాటికి గంటకు 28,800 కొట్లు. అంటే సెకనుకు 8, రోజుకు 6,91,200, ఏడాదికి పాతిక కోట్లు. ఇంత రాపిడిని కృత్రిమ కెంపుల మీద వేసిన చుక్కలో వందో వంతు నూనె కాస్తుంది. ఆ నూనె ఏళ్లు గడిచేకొద్దీ ఎండుతుంది, పక్కకు పాకుతుంది. కీ పూర్తిగా ఇచ్చాక 270 డిగ్రీల దాకా ఊగాల్సిన చక్రం 200కు పడిపోతుంది. వాచీ కొట్లను కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెడితే మెకానిక్‌కు వెంటనే తెలుస్తుంది, పెట్టుకున్నవాడికి తెలియదు. టైము కాస్త అటూ ఇటూగా సరిగ్గానే చూపిస్తుంటుంది, లోపల ఇరుసులు అరుగుతుంటాయి. ఒమేగా 5 నుంచి 8 ఏళ్లకోసారి, రోలెక్స్ సుమారు 10 ఏళ్లకోసారి సర్వీసు చేయించమంటున్నాయంటే కారణం ఇదే. అంటే ఇలాంటి వాచీ కొన్నవాడు బతికున్నంతకాలం మెకానిక్ అవసరం కూడా కొనుక్కున్నట్టే. ఆ మెకానిక్ ఎవరో తేల్చే అధికారం అమ్మినవాడికే వదిలేస్తే, ధరా గడువూ కూడా వాడి ఇష్టమే.

“లక్షల వాచీ పెట్టుకునేవాడి కష్టం మాకెందుకు?” అనేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఈ వాచీలన్నీ ధనవంతుల చేతులకే లేవు. వాచీ, సైకిలు, రేడియో ఇస్తే తప్ప అల్లుడు పీటల మీద కూర్చోని కాలం మనకు మరీ దూరం కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు తిరిగొస్తూ తెచ్చిన రాడో, సీకో, సిటిజెన్ వాచీలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. ఎండలో ఏళ్ల తరబడి చేసిన కూలి ఆ డయల్ కింద ఉంది. వాటిని అమ్మితే వచ్చేది తక్కువ, సర్వీస్ సెంటరు చెప్పేది ఎక్కువ. కొడుకు ఆ బిల్లు చూసి, నాన్న వాచీని మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టేస్తాడు. అమెరికాలో మొదటి బోనస్‌తో ఒమేగా కొన్న కుర్రాడి పరిస్థితీ పదేళ్లకు ఇంతే, అంకెలే తేడా.

కంపెనీల వాదన మాకు తెలుసు. నకిలీల బెడద, పనివాడి నైపుణ్యం, బ్రాండు పరువు. ఈ వాదన యూరప్‌లో పదమూడేళ్లు నడిచింది. అక్కడి మరమ్మతుదారుల సంఘాల సమాఖ్య 2004లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే, కమిషన్ 2008లో తోసిపుచ్చింది. 2010లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కమిషన్ మళ్లీ విచారించి 2014లో మళ్లీ తోసిపుచ్చింది, 2017లో కోర్టు ఈసారి కమిషన్ మాటే సరైనదంది. ఈలోగా ఒమేగా, లాంజిన్, రాడో, టిస్సో బ్రాండ్ల యజమాని స్వాచ్ గ్రూపు 2015 ఆఖరుతో బయటి టోకు వర్తకులకు విడిభాగాలు ఇవ్వడం ఆపేసింది. కాబట్టి యూరప్‌లో మనలాంటివాళ్లు గెలిచారని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టం. ఓడారు. అయితే కంపెనీలను కాపాడిన తర్కం ఏమిటి? మేము తలుపులు మూయలేదు, అర్హతలు పెట్టాం, ఆ అర్హతలున్న ఎవరినైనా ఒకేలా చూస్తాం అన్నది. సరే, అదే మాట మన దగ్గరా నిలబెట్టుకోండి. ఏ పనిముట్లు కావాలో, ఏ పరీక్ష రాయాలో కాగితం మీద పెట్టండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక మెకానిక్ ఆ అర్హతలన్నీ సంపాదిస్తే అతనికి ఖాతా తెరుస్తారా, లేదా? తెరవకపోతే మీరు నాణ్యత పేరు చెప్పి కాపాడుకుంటున్నది బిల్లునే.

పైగా మన దేశం ఈ విషయంలో యూరప్ వెనక నడవాల్సిన పనిలేదు. విడిభాగాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేశాయని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే సంగతి. 2022 జులైలో వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. ఫోన్ రెండు మూడేళ్లకు మార్చేస్తాం. తరాలు నిలుస్తుందని చెప్పి అమ్మే వస్తువుకు ఆ జాబితాలో చోటు లేదు.

ఇప్పుడే ఎందుకంటే, స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా కూటమితో మన దేశం 2024 మార్చిలో కుదుర్చుకున్న ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏడేళ్లలో దశలవారీగా పోతుంది. షోరూములు పెరుగుతాయి, కొనేవాళ్లు పెరుగుతారు. సుంకం వదులుకుంటున్నది మన ఖజానా. అందుకు ప్రతిగా, ఇక్కడ అమ్మే ప్రతి మోడల్‌కూ విడిభాగాలు ఇక్కడే దొరకాలన్న షరతు పెట్టడం పెద్ద కోరికేం కాదు.

మెకానిక్ సోదరులకూ ఒక మాట, కటువుగానే. మనలో కొందరి పని వల్లే కంపెనీలకు ఈ సాకు దొరికింది. పాత డయల్‌కు రంగు పూసి, ఎక్కడిదో ముల్లు ఇంకెక్కడో తగిలించి, విదేశీయులకు అసలు వాచీగా అమ్మే పనికి బొంబాయి పేరే పెట్టి నవ్వుకుంటున్నారు ప్రపంచమంతా. స్క్రూ తల చెక్కేసి, డయల్ మీద వేలిముద్ర వదిలి, మూత గీతలతో ఇచ్చినవాడికి అసలు భాగాలు ఎవరిస్తారు? ఏం మార్చావో బిల్లు మీద రాయి. తీసిన భాగాన్ని కవరులో పెట్టి ఇవ్వు. అసలుదో కాదో చెప్పి వెయ్యి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం, ఐటీఐల్లో వాచీ మరమ్మతు కోర్సుకు నేటి పనిముట్లతో, టైమ్‌గ్రాఫర్‌తో, ప్రెషర్ టెస్టర్‌తో ప్రాణం పోయండి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లిటిట్జ్‌లో రోలెక్స్ 2001లో ఫీజు లేకుండా ఈ విద్య నేర్పే బడి పెట్టింది. అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదో కంపెనీనే అడగాలి.

ఇక కొనేవారు. ధర గురించి అరగంట బేరమాడతాం, సర్వీసు గురించి అర నిమిషం అడగం. డబ్బు కట్టకముందే అడగండి. సర్వీసు ఏ ఊళ్లో జరుగుతుంది? ఎన్నాళ్లు? ఒక్క భాగం పోతే ఒక్కటే మారుస్తారా? మార్చిన పాత భాగం తిరిగిస్తారా? జవాబు కాగితం మీద రాయించుకోండి. రాయనంటే అదీ జవాబే. సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద “పాలిష్ వద్దు, డయల్, ముళ్లు మార్చవద్దు” అని మీ చేత్తో రాయండి. పాలిష్ పేరుతో అంచులు అరగదీశాక వాటిని తిరిగి తెచ్చేవాడు లేడు. వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తితే హడావిడి పడి పూర్తి సర్వీసుకు ఒప్పుకోకండి. ఫోన్ కవరులోని అయస్కాంతం అంటుకుని ఉండొచ్చు. దాన్ని వదిలించడం నిమిషం పని, వీధి చివర మెకానిక్ చేసేస్తాడు. 30 మీటర్లని రాసి ఉందని ఈత కొట్టకండి, అది చేతులు కడుక్కునేటప్పుడు పడే నీళ్లకు మాత్రమే.

సర్వీస్ సెంటరు భాగం అమ్మనంటే, ఒక్క భాగం మార్చనంటే, ఆ మాట ఈమెయిల్‌లో రప్పించుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, నంబరు రాసుకోండి. ఢిల్లీలోని వినియోగదారుల శాఖ కార్యదర్శికి ఒక ఉత్తరం రాయండి. తెలుగులో రాసినా పర్వాలేదు. వాచీ మోడల్, కొన్న తేదీ, ఆగిన తేదీ, అడిగిన భాగం, వచ్చిన జవాబు, ఈ ఐదూ ఉంటే చాలు. నకలు మీ ఎంపీకి పంపండి. ఈ కరపత్రం చదివాక మీ మెకానిక్‌కు ఇవ్వండి.

— కొందరు వాచీ వాడకందారులు, మెకానిక్‌లు