మందు డబ్బా ఇంట్లో ఎందుకు?

"నొసట రాసివుంటే ఎవరాపుతారు?" మా హొసూరు పక్క పల్లెల్లో ఏ ఇంట పడుచుబిడ్డ పోయినా వినవచ్చే మాట ఇదే. నేనొప్పుకోను. అది ఓదార్పు కాదు, చేతులు దులుపుకోవడం.

పరీక్ష తప్పిన సాయంత్రమో, ఇంట్లో మాటపడిన రాత్రో పదిహేడేళ్ల పిల్లకు పుట్టే ఆ తలంపు చాలాసార్లు నిలిచేది కాదు. కొన్ని గడియలు గడిస్తే సడలుతుంది. ఆ గడియల్లో చేతికి ఏమందుతుందన్నదే అసలు సంగతి. నగలకు బీరువా, బీరువాకు తాళం. టమోటాకు కొట్టగా మిగిలిన పురుగుమందుకు మాత్రం గోడవార చోటు చాలు! దానికి 'మందు' అని ముద్దుపేరొకటి.

కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతంలో, డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన చెన్నై 'స్నేహ' సంస్థవారు రెండు చోట్ల ఉమ్మడి గది కట్టించి, రైతుకొక తాళంపెట్టె ఇచ్చారు. మందు అక్కడే ఉంటుంది, పనిబడ్డనాడు తెచ్చుకోవాలి. ఆత్మహత్యలు తగ్గాయని 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. చిన్న ప్రయత్నమే, కాని మనకు కూతవేటు దూరంలో జరిగింది.

ఇంట్లోనే తాళం వేసుకుంటే చాలదా అంటారు. శ్రీలంక పల్లెల్లో ఇంటింటికీ తాళంపెట్టెలు పంచి చూశారు. 2017లో తేలిందేమంటే, తేడా కనబడలేదు. తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది మరి! అక్కడ పనిచేసింది వేరు. 1995 నుంచి అతి ప్రమాదకరమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించారు. 2015 నాటికి మొత్తం ఆత్మహత్యల రేటే సుమారు 70 శాతం పడిపోయింది. "ఈ దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటారు" అనేవారు ఆ 'మొత్తం' అన్న మాటను రెండుసార్లు చదవాలి. పంటల దిగుబడీ తగ్గలేదు.

ఇక్కడో? 1968 నాటి చట్టం ప్రకారం రాష్ట్రప్రభుత్వం ఒక మందును ఆపగలిగేది అరవై రోజులు, మహా అయితే ఇంకో ముప్పై. తొంభైయొకటో రోజున మన పిల్లలేమైనా గట్టిపడి ఉంటారా? ఢిల్లీ కదలాలి. కదిలేదాకా మనం కూర్చోనక్కరలేదు.

ఉగాదికి పందిళ్లు వేసే మన తెలుగు సంఘాలు ఊరికొక గది కట్టించలేవా? ఇంకొకటి, టెలిమానస్ 14416. పైసా ఖర్చులేదు, ఏ వేళనైనా పలుకుతారు, వారి భాషల్లో తెలుగూ ఉంది. ఆ అంకెను సంఘం గోడమీద తెలుగులో పెద్దగా రాయించండి. రంగు ఖర్చు నేనిస్తాను.