మెడ మీద దురద – సెంటు వల్లా?

పెళ్లిరోజుకు మావారు తెచ్చిన సెంటు పూసుకుంటే మెడ ఎర్రబడి, సన్నని పొక్కులు లేచి, ఒకటే దురద అని ఒక సోదరి రాశారు. శరత్కాలంలో కొండల మీది వాసనట అది. పొగ, సాంబ్రాణి, లవంగం, దాల్చినచెక్క కలిసిన ఘుమఘుమ. మానేస్తే ఆయన నొచ్చుకుంటారని రోజూ పూసుకుంటూనే ఉన్నారు!

అమ్మా, ముందు అది మానండి. లవంగంలోని యూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ కొందరి చర్మానికి పడవు. మసాలాలో రోజూ తినేవే కదా అనకండి. నోటికి పడినదల్లా చర్మానికి పడాలని లేదు. ఈ ఎలర్జీ పూసిన వెంటనే కాక, ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. అందుకే సెంటును అనుమానించక సబ్బులు మారుస్తుంటారు. ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు సొంతంగా రాసుకోవద్దు. చర్మవైద్యుణ్ణి కలవండి. అనుమానమున్న పదార్థాలను వీపు మీద పట్టీలతో 48 గంటలు అంటించి ఉంచి, తీశాక ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూసి, ఏది పడదో చెబుతారు. వెళ్లేటప్పుడు సెంటు సీసా కూడా తీసుకెళ్లండి.

మీవారికి విషయం చెప్పేయండి.