ఇంటిలోని మరొక బిడ్డ



జనగామ ప్రత్తి రైతుల ఇండ్లలో గాని, మహబూబాబాద్ మిర్చి రైతుల ఇండ్లలో గాని, భూపాలపల్లి గని కార్మికుల వాడలలో గాని షుగరు జబ్బు అనగానే తాతలు, నాయనమ్మలే గుర్తుకు వస్తారు. కాని ఇది బడికి వెళ్లే పసిబిడ్డలకు కూడ వస్తుంది. దీనిని వైద్యులు మొదటి రకము అంటారు. శరీరపు రక్షణశక్తియే పొరబాటున క్లోమములో ఇన్సులిన్ తయారుచేసే కణములను నాశనము చేస్తుంది. తీపి తిన్నందువలన గాని, తల్లి అశ్రద్ధ వలన గాని, ఎవరి పాపము వలన గాని ఇది రాదు. ఇది అంటురోగమును కాదు.

ఈ పిల్లలకు ప్రతిదినము ఇన్సులిన్ సూది తప్పదు. 1922 జనవరిలో కెనడా దేశపు టొరంటో నగరములో 14 ఏండ్ల లియొనార్డ్ థామ్సన్ అను బాలునికి మొట్టమొదట ఈ మందు ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలము బ్రదికేవారు కారు. కనుక పసరు మందు దొరికిందనో, ప్రార్థన చేయించామనో సూది మానకండి. ప్రార్థన చేయుదము, సూదియు వేయించుదము.

అయితే ఈ నెల మేము ముఖ్యముగా వ్రాయదలచినది ఆ బిడ్డ ప్రక్కన పెరుగుచున్న తోబుట్టువును గూర్చి.

చెల్లికి జబ్బు వచ్చిన ఇంటిలో అమ్మ కన్ను ఎప్పుడూ చెల్లి మీదనే. చెల్లిని వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి తీసికొనిపోయిన రోజు అన్న పొరుగింట అన్నము తింటాడు. మందులకు డబ్బులు పోగా అతని కొత్త చెప్పులు వచ్చే నెలకు వాయిదా పడతాయి. "వాడు బుద్ధిమంతుడు, ఏమీ అడగడు" అని మనము సంతోషిస్తాము. ఆ మౌనములో అసూయ ఉండవచ్చును, అసూయపడినందుకు సిగ్గు ఉండవచ్చును. "నేను కొట్టినందుకే చెల్లికి ఇట్లయిందా? రేపు నాకూ వస్తుందా?" అనే భయము ఉండవచ్చును.

తప్పిపోయిన కుమారుని ఉపమానములో తండ్రి చిన్నవానికి ఎదురు పరుగెత్తాడు. అలిగి బయట నిలిచిన పెద్దవాని కొరకు కూడ ఆ తండ్రే బయటికి వచ్చాడు గదా!

మొదట, బిడ్డకు నిజము చెప్పండి. చెల్లి జబ్బుకు అతడు కారణము కాడు. తోబుట్టువులకు వచ్చే అవకాశము ఇతరులకంటె కొంత ఎక్కువైనను, చాలామందికి రాదు. అతిదాహము, మాటిమాటికి మూత్రము, మరల పక్క తడపడము, బరువు తగ్గడము కనబడితే మాత్రము పెద్దలు అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

రెండవది, చేయవలసినది నేర్పండి. షుగరు పడిపోతే చెమట, వణుకు, ఆకలి, తికమక కలుగుతాయి. మెలకువగా ఉంటే 3 టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించి పెద్దలను పిలవాలి. 15 నిమిషములకు తగ్గకుంటే మరల ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోటిలో ఏమీ పోయరాదు, వెంటనే 108కి ఫోను చేయాలి. ఇది తెలిసిన బిడ్డకు భయము తగ్గుతుంది.

మూడవది, వానిని కాపలావానిగా చేయవద్దు. "చెల్లికేమైనా అయితే నీదే బాధ్యత" అనే మాట పసి భుజములు మోయలేవు. రాత్రి లేచి చూచే పని పెద్దలది.

నాల్గవది, వారములో ఒక సాయంత్రము వానితోనే చేను గట్టున నడవండి. ఆ పూట షుగరు మాట ఎత్తవద్దు. వాని బడి, వాని ఆట, వాని స్నేహితుల సంగతులు వినండి.

సంఘస్థులారా, అట్టి ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు "చెల్లి ఎట్లున్నది?" అని అడిగి లేచిపోకండి. "నీవెట్లున్నావు బాబూ?" అని కూడ అడగండి. వాడు జవాబు చెప్పేవరకు కూర్చుండండి.