కుక్కను కట్టేస్తే సరిపోదు, నేర్పించాలి



ఈ పేజీలో షుగరు గురించి, బీపీ గురించి, బాలింతల ఆహారం గురించి చదవడం మీకు అలవాటు. నేను ఈసారి ఇంట్లో పెంచుకునే కుక్క గురించి రాస్తున్నాను. కుక్కకీ ఆసుపత్రికీ ఏం సంబంధం అంటారేమో, కుక్క కాటు ఇంజక్షన్ల కోసం వచ్చినవాళ్లను ఒక్కసారి అడిగి చూడండి. వాళ్లలో అందరినీ కరిచింది వీధి కుక్క కాదు. కొందరిని కరిచింది పక్కింటి కుక్క, కొందరిని చుట్టాలింటి కుక్క, కొందరిని సొంత కుక్కే. ఒక పిల్లవాడిని మా ఇంటి కుక్క కరిచింది. ఆ సంగతి ముందుగా ఒప్పుకుని మిగతాది చెబుతాను.

మా జిమ్మీ లాబ్రడార్ క్రాసు. పిల్లలు ముచ్చటపడితే నెల పిల్లగా ఉన్నప్పుడు తెచ్చాం. చిన్నగా ఉన్నన్నాళ్లూ అది మీదికెక్కినా, చెయ్యి కొరికినా అందరం నవ్వుకున్నాం. ఆరు నెలలకు అది పెద్దదయ్యింది. ఇంటికొచ్చిన వాళ్ల మీదికి రెండు కాళ్లూ ఎత్తి దూకేది, చీర కొంగు పట్టుకుని లాగేది. గృహకూటానికి వచ్చిన ఒక పెద్దావిడను కింద పడేసినంత పని చేసింది. దానితో పెరట్లో జామచెట్టుకు గొలుసు వేసి కట్టేశాం. అన్నం అక్కడే, నిద్ర అక్కడే. రోజూ తిప్పాలని అనుకునేవాళ్లం, ఎవరికీ తీరేది కాదు.

దానికి రెండో ఏడు నడుస్తుండగా క్రిస్మస్ ముందు కేరల్స్ వాళ్లు మా ఇంటికి వచ్చారు. డ్రమ్ము మోగింది, పెట్రోమాక్స్ లైటు, తెల్ల బట్టల్లో పాతిక మంది పిల్లలు. జిమ్మీ అటూ ఇటూ గుంజుకుంటే గొలుసు కొక్కెం ఊడిపోయింది. అది పిల్లల మధ్యకు దూకింది. తొమ్మిదేళ్ల బాబు ఒకడు భయపడి పరుగెత్తాడు. అది వెంటపడి పిక్క పట్టుకుంది. వాళ్లమ్మ మొహమాటపడుతూ, "పర్లేదండి అన్నయ్యగారూ, ఆడుకోవడానికొచ్చింది, కొంచెం గీరుకుంది అంతే" అని పసుపు అద్ది గుడ్డ కట్టింది. మేమూ అంతటితో వదిలేశాం. మూడో రోజు కాలు వాచి బాబును ఆసుపత్రికి తెచ్చారు. కుక్కకు టీకా వేయించారా అని సిస్టరు అడిగింది. మొదటి ఏడు వేయించాం, రెండో ఏడు మరిచిపోయాం. ఆ మాట ఆ తల్లి ఎదుట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బాబుకు ఆ రోజే ఇంజక్షన్లు మొదలుపెట్టారు. జిమ్మీని పది రోజులు కనిపెట్టి చూశాం. దానికి ఏ జబ్బూ రాలేదు, దేవుని కృప. కానీ ఆ పది రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

తప్పు కుక్కది కాదు

చాలామంది అమ్మేయమన్నారు. ఊరి బయట చేపల చెరువు దగ్గర కాపలాకు ఇచ్చేయమన్నారు. నేను ఒక పశువైద్యుణ్ణి కలిశాను. "ఇది మనుషులను ఎప్పుడు చూసిందండీ?" అని ఆయన అడిగారు. నిజమే, అది జామచెట్టునూ ప్రహరీగోడనూ తప్ప ఏమీ చూడలేదు.

కుక్కపిల్ల వయసులో మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు ఒక ముఖ్యమైన కాలం ఉంది. అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో పుస్తకంగా వెలువరించిన సంగతులలో ఇది ఒకటి. ఆ వారాల్లో చూసినవీ విన్నవీ దానికి మామూలు విషయాలు అవుతాయి. అప్పుడు చూడనివాటికి పెద్దయ్యాక భయపడుతుంది. భయపడిన కుక్కకు పారిపోవడానికి దారి లేకపోతే కరుస్తుంది. గొలుసుకు కట్టిన కుక్కకు పారిపోయే దారి ఎప్పుడూ ఉండదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. హుషారైన కుక్క చెడ్డ కుక్క కాదు. దాన్ని రోజంతా కట్టేసి, "మా కుక్క మహా కోపిష్టి" అని గొప్పగా చెప్పుకోవడం మన తప్పు. కుక్కను తెచ్చుకున్నవాళ్లు దానికి నేర్పించి తీరాలి. అది మన ముచ్చట కోసం కాదు, పాలు పోసే అబ్బాయి, పేపరు కుర్రాడు, పక్కింటి పిల్లలు, ప్రార్థనకు వచ్చే ముసలివాళ్ల కోసం. పొరుగువానిని ప్రేమించడంలో ఇదీ ఒక భాగమే.

పిల్లగా ఉన్నప్పుడే

నెల పిల్లను తల్లి నుంచి వేరు చేయకండి. ఎనిమిది వారాల వరకు తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఉంటే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో అక్కడే నేర్చుకుంటుంది. ఇంటికి తెచ్చాక టీకాలు పూర్తయ్యే వరకు వీధిలో నేల మీద తిప్పకూడదు, పార్వో జబ్బు ప్రమాదం. అలాగని ఇంట్లో దాచకూడదు. చేతుల్లో ఎత్తుకుని గేటు దగ్గర నిలబడండి. ఆటోలు, స్కూటర్లు, గొడుగు వేసుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, యూనిఫాం వేసుకున్న పిల్లలు, గుడి గంట, చర్చి మైకు అన్నీ దూరం నుంచి చూడనివ్వండి, విననివ్వండి. భయపడితే ఇంకొంచెం దూరం జరగండి, బలవంతం చేయకండి. వచ్చినవాళ్ల చేత చిన్న ముక్క ఏదైనా పెట్టించండి. కొత్త మనిషి అంటే మంచి జరుగుతుందని దానికి తెలియాలి.

మీదికి దూకే కుక్కకు

దూకినప్పుడు మనం అరుస్తాం, చేతులతో తోస్తాం. అది ఆట అనుకుంటుంది. దూకిన వెంటనే మాట లేకుండా వెనక్కి తిరిగి నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టినప్పుడు వంగి నిమరండి. ఇంట్లో అందరూ ఇదే చేయాలి. నాన్న తిట్టి, పిల్లలు ఎత్తుకుని ముద్దు చేస్తే కుక్కకు ఏమీ అర్థం కాదు. చెయ్యి కొరికితే ఆట ఆపేసి లేచి వెళ్లిపోండి, కొరుక్కోవడానికి ముడివేసిన పాత గుడ్డ ఇవ్వండి.

మాటలు నాలుగు చాలు. కూర్చో, రా, ఆగు, వదులు. ఒకే పనికి ఒకే మాట వాడండి. ఒకరు "సిట్" అని, ఒకరు "కూకో" అని అంటే అది తికమకపడుతుంది. అన్నం పెట్టకముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, రోజుకు రెండు మూడుసార్లు అయిదేసి నిమిషాలు చాలు. చెప్పింది చేసిన క్షణంలోనే ఉడికిన గుడ్డు ముక్కో కోడి మాంసం ముక్కో పెట్టాలి. ఆలస్యంగా పెడితే ఎందుకు పెట్టారో దానికి తెలియదు. దీనికి కోచింగు ఫీజు అక్కర్లేదు, ఓపిక కావాలి.

కొట్టవద్దు. ముఖ్యంగా గుర్రుమన్నందుకు కొట్టవద్దు. గుర్రుమనడం కుక్క మనకు చేసే హెచ్చరిక. దానికి దెబ్బలు పడితే, తర్వాత గుర్రుమనకుండానే కరుస్తుంది.

పిలిస్తే వచ్చే అలవాటు అన్నిటికన్నా ముఖ్యం. 2022 జూలై గోదావరి వరదల్లో లంక గ్రామాల జనాన్ని పడవల మీద తరలించారు. అలాంటి గడియలో పిలుపుకు వచ్చి, కొత్తవాళ్ల మధ్య నెమ్మదిగా కూర్చునే కుక్కను వెంట తీసుకుపోగలం. అలవాటు లేనిదాన్ని వదిలి వెళ్లాల్సి వస్తుంది.

గొలుసు సంగతి

కాపలా కోసమే పెంచుకుంటున్నాం, మంచిగా నేర్పితే దొంగను ఎలా పడుతుంది అని కొందరు అడుగుతారు. కుక్క పని మొరిగి మనల్ని లేపడం, కరవడం కాదు. మనుషులు అలవాటైన కుక్క కూడా అర్ధరాత్రి గోడ దూకినవాణ్ణి చూసి మొరుగుతుంది. భయంతో పెరిగిన కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది, చివరికి దాని అరుపు ఎవరూ పట్టించుకోరు.

మన చట్టం కూడా దీన్ని చూసింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షను ప్రకారం ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం, మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టడం నేరమే. మన నిర్లక్ష్యం వల్ల మన జంతువు ఇతరులకు హాని చేసే ప్రమాదం తెచ్చిపెడితే, 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గానీ, అయిదు వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చట్టానికి భయపడి కాకపోయినా, సామెతల గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనం తీసి చదువుకోండి.

తెల్లవారుజామున అరగంట, సాయంత్రం అరగంట కాలువ గట్టు మీద తాడు పట్టుకుని తిప్పితే సగం అల్లరి తగ్గుతుంది. మన ఎండాకాలంలో పొద్దెక్కాక తారు రోడ్డు మీద నడిపించకండి, అరికాళ్లు కాలతాయి, వడదెబ్బ కొడుతుంది.

మన పిల్లలకూ నేర్పాలి

తినే కుక్కను, పడుకున్న కుక్కను, పిల్లలకు పాలిచ్చే కుక్కను ముట్టుకోవద్దని సండే స్కూలులో కూడా చెప్పాలి. కుక్క మీదికి వస్తే పరుగెత్తకూడదు, చేతులు దగ్గరగా పెట్టుకుని చెట్టులా కదలకుండా నిలబడాలి. కళ్లలోకి చూడకూడదు. కింద పడితే ముడుచుకుని చేతులతో మెడ, చెవులు కప్పుకోవాలి. మా ఇంట్లో దెబ్బతిన్న బాబుకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

కరిస్తే, గీరితే

పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు. వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏవీ పెట్టకూడదు. మంత్రం వేయించుకుని కూర్చోకూడదు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ మందు కూడా వేయాల్సి ఉంటుంది. లూకా సువార్త 16వ అధ్యాయంలో లాజరు కురుపులను కుక్కలు నాకిన సంగతి మనకు తెలుసు. దాన్ని పట్టుకుని, కుక్క నాకితే పుండు మానుతుందని కొందరు పెద్దవాళ్లు అంటారు. అది చాలా ప్రమాదం. పచ్చి పుండును నాకినా లోతైన కాటుగానే లెక్కించి వైద్యం చేస్తారు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు అన్న పాత భయంతో ఇప్పటికీ వెనకాడేవాళ్లు ఉన్నారు. ఆ పాత మందు మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు భుజానికే వేస్తారు, కాటు రోజు నుంచి నెల లోపు నాలుగైదు విడతలు. డాక్టరు రాసిచ్చిన తేదీల్లో ఒక్కటి కూడా తప్పకూడదు. కుక్కను పది రోజులు చూసి అప్పుడు మొదలుపెడదాం అనుకోకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరినీ బతికించలేం, టీకాతో మాత్రం దాన్ని రాకుండా ఆపగలం.

1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల బాలుడికి మొట్టమొదట రేబిస్ టీకా వేయించాడు. దాని గుర్తుగా ప్రతి జూలై 6న జూనోసిస్ దినం జరుపుతారు. ఆ సందర్భంగా మన రాష్ట్ర పశుసంవర్ధక శాఖ కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటుంది. మీ కుక్కకు మూడు నెలల వయసులో మొదటిది, తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించండి. ఆ కార్డును పిల్లల టీకాల కార్డు పక్కనే పెట్టుకోండి, మాలాగా మరిచిపోకండి.

మా జిమ్మీకి రెండేళ్లు నిండాక నేర్పడం మొదలుపెట్టాం. నాలుగైదు నెలలు పట్టింది. ఇప్పుడు గేటు తీస్తే "కూర్చో" అన్న మాటకు కూర్చుంటుంది. టపాకాయలంటే ఇంకా భయమే, భోగికీ దీపావళికీ లోపలి గదిలో ఉంచుతాం. ఈమధ్య క్రిస్మస్‌కు కేరల్స్ వాళ్లు వచ్చే ముందే దాన్ని గదిలో పెట్టి తలుపు వేశాను, ఎంత నేర్పినా అంతమంది పిల్లల మధ్య పరీక్ష పెట్టకూడదని. పాట అయ్యాక పిక్క మీద మచ్చ ఉన్న ఆ బాబే, "జిమ్మీ ఎక్కడ అంకుల్?" అని అడిగాడు. తాడు వేసి బయటికి తెచ్చాను. కూర్చోమన్నాడు, కూర్చుంది. వాడు కొంచెం దూరం నుంచే బిస్కెట్టు ముక్క విసిరాడు. దగ్గరికి రమ్మని నేను అనలేదు. వాడికి ఎప్పుడు ధైర్యం వస్తే అప్పుడే వస్తాడు.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ వారమే టీకా కార్డు తీసి చూడండి, రేపు తెల్లవారి దాన్ని నడకకు తీసుకువెళ్లండి. ప్రభువు మనకు అప్పగించిన చిన్న ప్రాణులనూ, మన పొరుగువారి పిల్లలనూ జాగ్రత్తగా చూసుకునే మనసు ఆయనే మనకు దయచేయును గాక.