పోలీసు సోదాలు - పౌరరక్షణ

అర్ధరాత్రమున తలుపు తట్టి, కారణము చెప్పక పెట్టెబేడలు చిందరవందర చేసి పోవుట పరప్రభుత్వపు పద్ధతియని మన పెద్దలు నిందించిరి. స్వరాజ్యము వచ్చిన పిదప నా తలుపునకు గడియ యమరినదా?

అమెరికా ప్రజలు 1791లోనే తమ రాజ్యాంగమునకు నాల్గవ సవరణ చేర్చుకొని, సహేతుకములు గాని సోదాలను నిషేధించిరి. మన రాజ్యాంగమున నట్టి నిబంధన లేదని 1954లో ఎం. పి. శర్మ వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తు లెనమండుగురు తీర్పు చెప్పిరి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో స్టాంపుల చట్టమును సవరించి, కలెక్టరు పనిచిన వారు ప్రైవేటు స్థలములందు సైతము జొచ్చి పత్రములు పరీక్షింపవచ్చుననగా, సుప్రీంకోర్టు 2004లో దానిని కొట్టివేసినది. తుదకు 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు 1954 నాటి మాటను త్రోసిపుచ్చి, గోప్యత ప్రాథమిక హక్కేయని యేకగ్రీవముగా చాటిరి.

హక్కు లభించినది, రక్షణ లభించినదా? 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ననుసరించి, వారంటు లేక సోదా చేయు పోలీసు అధికారి కారణములను వ్రాసి యుంచవలెను, 48 గంటలలో మేజిస్ట్రేటునకు నకళ్లు పంపవలెను, సోదాను చిత్రీకరింపవలెను. నియమములు మంచివే. కాని నియమము దప్పి పట్టిన సాక్ష్యమును సైతము న్యాయస్థానము స్వీకరింపవచ్చునని 1973లో పూరణ్ మల్ వ్యాజ్యమున తీర్పైనది. దొడ్డిదారిన దెచ్చిన సరకు చెల్లుబాటగుచుండ రాజమార్గమున నడచువా రెవరు?

ఈ లోపమును శాసనకర్తలు తీర్పవలెను. అందాక పౌరులు మేల్కొని యుండవలెను. మీ యింట సోదా జరిగినచో పంచుల సమక్షమున వ్రాసిన జాబితా నకలు నడుగుడు. అది యాచన కాదు, హక్కు.