అమానత్ ఉన్న బీరువాకు తాళం ఎవరి దగ్గర?

స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలం వచ్చిందంటే మన సేవా సంఘాల వాట్సప్ గ్రూపులు ఆధార్ కాపీలతో నిండిపోతాయి. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, తల్లి పేరున్న రేషన్ కార్డు, ఆడపిల్ల పాస్‌పోర్టు సైజు ఫోటో అన్నీ ఒక కార్యకర్త ఫోన్‌లో చేరి, అక్కడి నుంచి నూట నలభై మంది ఉన్న గ్రూపులోకి వెళతాయి. ఎవరో ఒకరు వాటిని తన సొంత ఖాతాలోని ఉచిత డ్రైవ్‌లోకి ఎక్కించి, లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చునన్న అనుమతితో అందరికీ పంపుతారు. కాలం ముగుస్తుంది. ఆ లింకు మాత్రం ముగియదు. మూడేళ్లపాటు మేము కూడా ఇదే చేశాము కాబట్టి, వేలెత్తి చూపే ముందు ఆ సంగతి ఒప్పుకుంటున్నాము.

రెండు వేసవుల క్రితం ఒక తండ్రి మా దగ్గరకు వచ్చారు. తన కుమార్తెకు అప్పులిచ్చే ఏజెంట్లు, కాలేజీల ఏజెంట్లు ఫోన్లు చేస్తున్నారనీ, వారికి ఆమె మార్కులతో పాటు తన ఆదాయం కూడా తెలుసనీ చెప్పారు. ఆయన కోపంగా మాట్లాడలేదు. కాగితాలు మీకే ఇచ్చాము కదా భాయీ, అన్నారు, అంతే. ఆ జాబితా ఎవరెవరి దగ్గర ఉన్నదని కమిటీలో విచారించాము. ఒక్కరూ సమాధానం చెప్పలేకపోయారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసిన మాకు అంతకు మించిన సిగ్గు లేదు. రికార్డు గది నుంచి ఒక పాత ఫైలు బయటకు రావాలంటే చీటీ రాయాలి, రిజిస్టరులో సంతకం చేయాలి. సర్కారు కాగితానికి ఉన్నపాటి గౌరవం మన పిల్లల కాగితాలకు మనమే ఇవ్వలేదు.

వాట్సప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉన్నది కదా అని కొందరు వాదిస్తారు. ఉన్నది. దారిలో అది లక్క ముద్ర వేసిన కవరే. కాని ఆ కవరు నూట నలభై ఇళ్లలో విప్పబడుతున్నది, విప్పిన ప్రతి చోటా ఒక ప్రతి మిగులుతున్నది.

ఇంకొందరు, మన దగ్గర దాచుకోవడానికి ఏముంది, అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా మాకు 2021 జూలై గుర్తుకు వస్తుంది. సుల్లీ డీల్స్ పేరుతో, ఆ తర్వాత 2022 జనవరి 1న బుల్లీ బాయి పేరుతో, ముస్లిం మహిళల ఫోటోలను యాప్‌లలో వేలానికి పెట్టిన వికృతాన్ని దేశమంతా చూసింది. ఆ ఫోటోలు ఏ రహస్య ఫైలు నుంచో దొంగిలించినవి కావు. బహిరంగంగా ఉన్నవాటినే ఏరి తెచ్చారు. ఉత్త ఫోటోతోనే అంత చేయగలిగినవారి చేతికి, ఫోటో పక్కన చిరునామా, తండ్రి పేరు, ఫోను నంబరు కూడా ఉన్న జాబితా చిక్కితే ఏమవుతుంది? దాచుకోవడానికి మనకేమీ లేకపోవచ్చు. కాని ఆ కాగితాలు మనవి కావు. మన దగ్గర ఉన్నవి అమానత్‌గా ఉన్నాయి.

కనుక సంఘానికి సొంత సర్వర్ ఉండాలన్నది మా వాదన. ఫైళ్లు తెప్పించుకునేందుకు, అవసరమైనవారికి మాత్రమే చూపేందుకు, పని అయ్యాక చెరిపేసేందుకు మన అధీనంలో ఒక యంత్రం ఉండాలి. మన యువకులు ఈ మాటకు వెంటనే ఉత్సాహపడతారు. అక్కడే వారితో మాకు తగవు. వారి లెక్కలో సర్వర్ మనదైతే భద్రత దానంతట అదే వస్తుంది. 2023 మే నెలాఖరులో మూవిట్ ట్రాన్స్‌ఫర్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఏమి జరిగిందో వారు ఒకసారి చదవాలి. పెద్ద సంస్థలు ఫైళ్లను భద్రంగా పంపుకోవడానికే డబ్బిచ్చి కొనుక్కున్నది అది. చాలామంది దానిని తమ సొంత సర్వర్లలోనే నడుపుకుంటున్నారు. అందులోని ఒక్క లోపం గుండా క్లాప్ అనే ముఠా చొరబడింది. రెండు వేలకు పైగా సంస్థల నుంచి కోట్లాది మంది వివరాలు పోయాయి. అంతకు ముందు, 2020 డిసెంబరులో, అక్సెలియన్ సంస్థవారి ఇరవై ఏళ్ల నాటి ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్‌కు ఇదే గతి పట్టింది. న్యూజిలాండ్ రిజర్వు బ్యాంకు కూడా నష్టపోయినవారిలో ఉన్నది. సొంత ఇల్లయినంత మాత్రాన దొంగ రాకుండా ఉండడు. రోజూ తలుపు గడియ చూసేవాడు ఉండాలి.

అందువల్ల సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకునేటప్పుడు మేము మొదట అడిగేది అందులో ఎన్ని సౌకర్యాలు ఉన్నాయని కాదు, దానికి ఎవరు కాపలా ఉంటారని.

పాతకాలపు ఎఫ్‌టీపీని మాత్రం దగ్గరకు రానీయవద్దు. 1971లో దానికి తొలి రూపం రాసినవారు ఐఐటీ కాన్పూర్ మొదటి తరగతిలో చదివిన అభయ్ భూషణ్ అని తెలిసినప్పుడు మాకు గర్వం కలిగింది. కాని అది నమ్మకస్తులైన కొద్దిమంది పరిశోధకుల కోసం పుట్టింది. పాస్‌వర్డ్‌ను ఏ ముసుగూ లేకుండా తీగ మీద పంపుతుంది. సంఘం కార్యాలయానికీ లెక్కలు చూసేవారికీ మధ్య ఫైళ్లు నడవడమే అవసరమైతే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోని ఎస్‌ఎఫ్‌టీపీ చాలు. దానిలో పాస్‌వర్డ్‌కు బదులు తాళంచెవి ఫైలు వాడుకునే వీలున్నది. బ్రౌజర్ నుంచి కూడా తెరవాలంటే ఎస్‌ఎఫ్‌టీపీగో అనే చిన్న ప్రోగ్రాము ఉన్నది. చిన్న సంఘాలకు మేము దానినే ముందు చూపుతాము. కాపలా కాయవలసిన తలుపులు అందులో తక్కువ.

నెక్స్ట్‌క్లౌడ్‌కు ఎక్కువ పేరున్నది. 2016 నుంచి సాగుతున్న ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను జర్మనీ ప్రభుత్వ శాఖలు కూడా వాడుతున్నాయి. మమ్మల్ని దానివైపు లాగినది ఒకే ఒక ఏర్పాటు. దరఖాస్తుదారుకు ఒక లింకు ఇస్తే, ఆ అమ్మాయి తన కాగితాలను అందులో వేయగలదు కాని ఇతరులవి చూడలేదు. అచ్చం తపాలా పెట్టె. మనం ఇచ్చే లింకుకు పాస్‌వర్డ్, గడువు తేదీ పెట్టవచ్చు. వాట్సప్ గ్రూపుకు సరైన జవాబు ఇదే. అయితే దీని పోషణ తేలిక కాదు. పీహెచ్‌పీ, డేటాబేసు, వాటి వెనుక మరికొన్ని ఉంటాయి. ఒక్కొక్క ప్రధాన వెర్షన్‌కు మద్దతు ఏడాది పాటే, ఒకదానిని దాటవేసి తర్వాతిదానికి దూకడానికి వీల్లేదు. రెండేళ్లు నిద్రపోయి లేచినవాడు మెట్టు మెట్టూ ఎక్కవలసిందే. సీఫైల్ వేగమైనదని కొందరు మెచ్చుకుంటారు. అది ఫైళ్లను ముక్కలు చేసి దాస్తుంది. యంత్రం చెడినప్పుడు డిస్కు తెరిచి చూస్తే మామూలు ఫైళ్లు కనిపించవు. తెలిసినవాడు దగ్గర లేని సంఘానికి అది మేము చెప్పము.

మరొక భ్రమ కూడా ఉన్నది. సర్వర్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేస్తే నిర్వాహకుడికి కూడా ఫైళ్లు కనిపించవని అనుకుంటారు. తాళం, తాళంచెవి ఒకే యంత్రంలో ఉన్నంత వరకు అతనికి కనిపిస్తాయి. కనుక నిర్వాహకుడు ఒక్కడే ఉండరాదు. ట్రెజరీ స్ట్రాంగు రూముకు రెండు తాళాలు, ఇద్దరు అధికారులు ఎందుకో మన పెద్దలకు చెప్పనవసరం లేదు. ప్రవేశానికి పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో మారే ఆరంకెల సంఖ్య కూడా ఉండాలి. ఎవరు ఏ ఫైలు తెరిచారో నెలకొకసారి లాగ్ తీసి కమిటీ ముందు పెట్టాలి.

యంత్రం ఎక్కడ ఉంచాలి? సంఘం గదిలోనే ఉంచవచ్చు. కాని చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో అనేకులకు కలిపి ఒకే ఐపీ చిరునామా ఉంటుంది కాబట్టి, స్టాటిక్ ఐపీకి వేరే చెల్లించవలసి వస్తుంది. అది కుదరకపోతే దేశంలోనే ఉన్న డేటా సెంటర్‌లో అద్దె సర్వర్ తీసుకోవచ్చు. అది అద్దె ఇల్లే, యజమాని దగ్గర మారు తాళం ఉంటుందని తెలిసే చేరాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, గడువు ముగిసేలోపే దానంతట అదే కొత్తదయ్యేలా పెట్టుకోవచ్చు. బ్యాకప్ మరొక చోట, మరొక డిస్కులో ఉండాలి. దానిని ఆరు నెలలకొకసారి నిజంగా తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను మేము లెక్కలోకి తీసుకోము.

చెరిపివేత గురించి ఎవరూ మాట్లాడరు. మా కార్యాలయంలో ప్రతి ఫైలు ముగింపు మీదా దాని ఆయుష్షు రాసేవాళ్లం. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. పదేళ్లు, ఎల్.డిస్. ఏడాది. దరఖాస్తులు ఎల్.డిస్. కాగితాలు. ఏడాది దాటిన ఆధార్ కాపీ మన సర్వర్‌లో ఉండడానికి కారణమే లేదు. వక్ఫ్ దస్తావేజులు ఆర్.డిస్. 2025లో ఉమీద్ పోర్టల్‌లో ఆస్తుల వివరాలు ఎక్కించవలసి వచ్చినప్పుడు, మసీదు కాగితాల స్కాన్ కాపీలను ఎవరి ఫోన్‌లో వెతకాలో తెలియని ముతవల్లీలను మేము చూశాము. మనం చెరపవలసినవాటిని ఉంచుకున్నాము, ఉంచుకోవలసినవాటిని పోగొట్టుకున్నాము.

చట్టం మాట కూడా ఉన్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇతరుల వివరాలు సేకరించేవారి మీద భద్రత బాధ్యత మోపింది. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది. హక్కుల కోసం చట్టాన్ని చూపి పోరాడే మనం, అదే చట్టం మన బీరువా వైపు చూసినప్పుడు ఏమంటాము?

ఖర్చు ఎక్కువవుతుందని అభ్యంతరం చెప్పేవారికి మా జవాబు చిన్నది. మేము పేర్కొన్న సాఫ్ట్‌వేర్లకు లైసెన్సు రుసుము లేకుండానే నడుపుకోవచ్చు. వార్షిక సభకు షామియానా, భోజనాలకు పెట్టేదానిలో కొంత చాలు. కొరవడినది నెలకు రెండు సాయంత్రాలు కూర్చుని అప్‌డేట్లు వేసే మనిషి. వచ్చే సమావేశంలో ఇద్దరి పేర్లు తీర్మానాల పుస్తకంలో రాయమని అడగబోతున్నాము. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి తన పేరు ఇచ్చింది. ఆమె దరఖాస్తు కూడా ఒకప్పుడు ఆ గ్రూపులో తిరిగినదే. రెండో పేరు ఇంకా రాలేదు.