మునిగిన నావ నేర్పిన పాఠము

విశాఖపట్టణమున రామకృష్ణా సముద్రతీరమందు ఇసుకపై నిలిపిన 'కుర్సురా' జలాంతర్గామిని చూడవచ్చు బాలబాలికలు, అందలి గుండ్రని ద్వారములలో వంగి వంగి నడచుచు వింతపడుదురు. 1969లో మన నౌకాదళమున చేరి, 2001లో సేవ చాలించి, 2002లో ప్రదర్శనశాలయైన యీ నౌక సుమారు 91 మీటర్ల పొడవు గలది. దానిని చూచుటకు రాయగడ, కొరాపుట్టు కొండలనుండి రైలెక్కి వచ్చువారికిని విశాఖతో పాతచుట్టరికమే కలదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు ఆ మన్యము విశాఖపట్టణము జిల్లాలోనిదే. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు విజ్ఞానశాస్త్ర విద్యకు ఏటేట లక్ష రూపాయలిచ్చి పోషించినవారు జయపురాధీశులు విక్రమదేవ వర్మగారు. ఆ కొండలనుండి వచ్చిన బిడ్డ యొకడు "లోపల నిన్ని తలుపు లెందులకు?" అని యడిగినచో, సరియైన సమాధాన మీయవలసిన బాధ్యత మనయందు కలదు.

ఆ సమాధానము కొరకు నూటయిరువది సంవత్సరములు వెనుకకు పోవలెను. ఐర్లండు దేశీయుడగు జాన్ ఫిలిప్ హాలండు కల్పించిన నమూనాను బ్రిటిషు నౌకాశాఖ కొనగా, బారో రేవున వికర్సు కంపెనీవారు దాని ప్రకారము తొలి జలాంతర్గామిని నిర్మించి 1901 అక్టోబరు 2వ తేదీన నీటిలోనికి దింపిరి. ఆ నమూనాను పెంచి, సవరించి, ఆంగ్లేయులు స్వయముగా రూపకల్పన చేసికొన్న మొదటి నౌక 'ఏ-1'. అది 1902లో నీట దిగినది. పొడవు 31 మీటర్లు. నీటిపై నడచుటకు పెట్రోలు యంత్రము, నీటి లోపల నడచుటకు బాటరీలతో పనిచేయు విద్యుద్యంత్రము దాని యందుండెను. అలలు లోనికి కొట్టకుండ, నావిక నాయకుడు నిలిచి చూచుటకు వీలుగ, నడుమ నొక గోపురము నెత్తిరి. ఆ గోపురము పైన మూత యుండెను గాని, దాని యడుగున వేరొక మూత లేకుండెను.

1904 మార్చి 18వ తేదీన పోర్ట్‌స్మతు సమీపమున విన్యాసములు జరుగుచుండెను. 'ఏ-1' నీటి లోపలనుండి 'జూనో' యను యుద్ధనౌకను వెంబడించుచుండెను. పెరిస్కోపు ఒక దిక్కునే చూపును. జూనోపై దృష్టి నిలిపిన వేళ, 'బెర్విక్ కాసిల్' అను ప్రయాణికుల నౌక వచ్చి గోపురమును ఢీకొన్నది. పగిలిన గోపురమునుండి నీరు సూటిగా నౌకాగర్భములోనికి దూకినది. లోనున్న పదునొకండుగురును మరణించిరి. బ్రిటిషు జలాంతర్గాములలో సిబ్బందితో నశించిన మొదటి నౌక యిదియే. నౌకను పైకి తీసి, పరీక్షించి, బాగుచేసి మరల సేవలో పెట్టిరి. అటుపిమ్మట కట్టిన ప్రతి జలాంతర్గామికి గోపురము నడుగున నీరు చొరని మూత యమర్చిరి. మరుసటి సంవత్సరము 'ఏ-5'లో పెట్రోలు ఆవిరి మండి ప్రేలుడు సంభవించినది. ఇట్టి యనుభవముల మీదట, 1908లో నీట దిగిన 'డి-1'నుండి పెట్రోలు యంత్రమునకు బదులు, అంత సులభముగ నంటుకొనని నూనెతో నడచు డీసెలు యంత్రము స్థిరపడినది.

జలాంతర్గామి యందలి తలుపులలో, మూతలలో కొన్ని మనుష్యప్రాణములతో కొన్నవి. ఈ విద్య లెక్కలవలన సగము, ప్రమాదములవలన సగము పెరిగినది. ప్రమాదము నిష్ఫలము కాకుండుటకు షరతు ఒక్కటే: దాని కారణము తెలిసికొన్నవారు దానిని దాచరాదు.

"దేశరక్షణ రహస్యముల నంగడిలో పెట్టుదుమా?" యని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. 1939 జూన్ 1వ తేదీన 'థీటిస్' అను క్రొత్త జలాంతర్గామి లివర్‌పూల్ అఖాతమున పరీక్షాయాత్రలో మునిగినది. అందున్న 103 మందిలో 99 మంది చనిపోయిరి. టార్పెడో గొట్టములో నీరున్నదో లేదో తెలుపు చిన్న రంధ్రము రంగుతో పూడియుండుటచే, నీరు లేదని భ్రమించి లోపలి తలుపు తెరచిరి. న్యాయమూర్తి బక్నిల్ గారు బహిరంగ విచారణ జరిపి యీ సంగతులను లోకమునకు తెలిపిరి. ఆ తలుపు ఒక్కమారుగ తెరచుకొనకుండ క్రొత్త బిగింపును గూడ అమర్చిరి. కాని మృతుల కుటుంబములవారు నష్టపరిహారమునకై దావా వేసి నౌకాపటముల నడుగగా, నౌకాశాఖవారు నిరాకరించిరి. 1942లో ప్రభువుల సభ ఆ నిరాకరణమును సమర్థించినది. యుద్ధకాలమున శత్రువునకు పటములు చిక్కరాదనుట న్యాయమే. అయినను, మంత్రి కాదన్న మాటయే తుదిమాట యను నియమము శాంతికాలమున చెల్లదని, పత్రమును న్యాయస్థానము తానే చూచి నిర్ణయింపవచ్చునని 1968లో అదే సభ మరియొక వ్యాజ్యములో తీర్మానించినది. పటము వేరు, పాఠము వేరు.

ఇది మనకు దూరపు మాట కాదు. 2013 ఆగస్టు 14వ తేదీన ముంబాయి రేవులో 'సింధురక్షక్' ప్రేలి మునిగి, 18 మంది మరణించిరి. వారిలో తెలుగు యువకులును కలరు. ఏడు మాసములు తిరుగకముందే 'సింధురత్న'లో పొగ క్రమ్ముకొని ఇద్దరు అధికారులు మరణింపగా, నౌకాదళాధిపతియే పదవి విడిచిరి. ఒకరి రాజీనామా గౌరవప్రదమే. కాని రాజీనామా తప్పుకు ప్రాయశ్చిత్తమే గాని తప్పునకు వివరణ కాదు. తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానము విశాఖయే. జలాంతర్గామి సిబ్బందికి తర్ఫీదు నిచ్చు 'శాతవాహన' యును అచటనే యున్నది. కావున ఆ వివరణము కోరుటకు మనకంటె హక్కుగలవా రెవరు?

చట్టమును మార్గము చూపుచునే యున్నది. 2005 నాటి సమాచారహక్కు చట్టము 8వ విభాగమున దేశరక్షణకు హాని కలిగించు సమాచారమునకు మినహాయింపు కలదు. అయినను ప్రజాప్రయోజనము అధికమైనచో ఈయవచ్చునని ఆ విభాగమే చెప్పుచున్నది. దాచదగిన భాగమును వేరుచేసి తక్కిన భాగము నీయవలెనని 10వ విభాగము శాసించుచున్నది. ఆయుధముల వివరములు తీసివేసి, పనిగంటలు, విశ్రాంతి, మరమ్మతులు, కాపలా, అమరిన దోషములు, చేసిన సవరణలు నిర్ణీతకాలములో ప్రకటించినచో శత్రువునకు లాభమేమి? మన నావికులకు లాభము కలదు. బిడ్డలను పంపిన తల్లిదండ్రులకు ధైర్యము కలదు.

రాజధానిలోని న్యాయవాదులు, ఇంజనీరులు, వైద్యులు ఈ విషయమున మౌనము వహింపరాదు. పార్లమెంటు సభ్యులచేత ప్రశ్న లడిగింపవలెను. చట్టము ననుసరించి దరఖాస్తులు పెట్టవలెను. కుర్సురాను చూడవచ్చు పిల్లలకు, ఆ మూతలను బిగించుటకు కారణమైన ప్రమాదముల కథ తెలుగున, ఒడియాలో, మన్యపు భాషలలో చెప్పించుటకు పూనుకొనవలెను. 'ఏ-1'లోని పదునొకండుగురి మరణము పిమ్మటివారి కొక మూతయై నిలిచినది. మనవారి మరణము కాగితముల కట్టయై బీరువాలో నిలువరాదు.